శనివారం పది గంటలకు ఓనా ఆంటీ తలుపు

నిన్న సాయంత్రం ఆఫీస్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తుంటే వదిన ఫోన్. "మీ అన్నయ్య ఇక లేరమ్మా" అంది.

ఏ అన్నయ్య అని అడిగాను. అంత మొద్దుబారిపోయాను.

రత్నం అన్నయ్య. మా ఊరు పిస్కాటవేలోని తెలుగు చర్చిలో అందరికీ అన్నయ్యే. గుంటూరు మనిషి, రిటైర్డ్ సివిల్ ఇంజనీర్. గ్రోసరీ స్టోర్ పార్కింగ్ లాట్‌లో హార్ట్ ఎటాక్. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది.

అప్పటి నుంచి ఒకటే గుబులు. తెల్లారితే శనివారం. పది గంటలకు ఓనా ఆంటీ తలుపు ఎవరు తట్టాలి?

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఓనా ఆంటీ అంటే అన్నయ్య వాళ్ల పక్కింటావిడ. లిథువేనియా నుంచి వచ్చిన రిటైర్డ్ స్కూల్ టీచర్. ఎనభై దాటాయి, ఒంటరి.

అన్నయ్య ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నది మార్కుల కోసమే. మార్కులు వచ్చాయి, ధాతువులు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఒకరోజు ఆవిడ నోట 'గీవెంతి' అన్న మాట విన్నారు. బతకడానికీ, ఒకచోట కాపురం ఉండడానికీ వాళ్లకు అదే మాటట. మన 'జీవ'కీ దానికీ మూలం ఒకటేనని ఆవిడ చెప్పగానే ఈయనకు పూనకం వచ్చింది.

ఇక ప్రతి శనివారం పది గంటలకు ఆవిడ దగ్గర పాఠం, వారానికో క్రియ. క్రియలు మారినా తలుపు దగ్గర మాత్రం ఎప్పుడూ ఆ మొదటిదే.

అన్నయ్య తలుపు తడతారు. ఆవిడ లోపలి నుంచి మొదటి సగం అంటుంది. గీవెను, గీవెని, గీవెన. నేను బతుకుతున్నాను, నువ్వు బతుకుతున్నావు, అతను బతుకుతున్నాడు.

ఈయన బయటి నుంచి మిగతా సగం. గీవెనమె, గీవెనతె, గీవెన. మేము, మీరు, వాళ్లు.

అప్పజెబితేనే గడియ తీసేది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చలిలో వణుకుతూ!

"చివరి మాట చూశావా చెల్లీ, ఒకడు బతికినా ఊరంతా బతికినా ఒకటే మాట" అని మురిసిపోయేవారు. ఆ భాషలో కాఫీ అడగడం వచ్చా అని నేను ఆటపట్టించేదాన్ని. రాదనేవారు.

రెండేళ్ల కిందట ఆవిడ మంచులో జారిపడింది. తుంటి విరిగింది. హాస్పిటల్‌కి నేనూ అన్నయ్యా పరిగెత్తాం.

నొప్పికో జ్వరానికో ఆవిడ ఇంగ్లిష్ మొత్తం పోయింది. ఎవరినీ ముట్టుకోనివ్వదు. చేతికి పెట్టిన ఐవీ సూది పీకేసింది. ఆపరేషన్ లేటయితే ప్రాణానికే రిస్క్ అంటున్నారు. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ దొరకడం లేదు.

మీరైనా ఏదో ఒకటి చెప్పండి అంది నర్సు. అన్నయ్యకు నొప్పి అన్న మాట రాదు, డాక్టర్ అన్న మాట రాదు. ఆయన నుదుటి మీద చెమట.

ఉన్నట్టుండి మంచం పక్క కమ్మీ మీద తట్టారు, తలుపు తట్టినట్టే. ఆవిడ సగాన్ని ఆయనే మొదలుపెట్టారు. గీవెను, గీవెని, గీవెన.

ఆవిడ గోడవైపే చూస్తోంది.

మళ్లీ అన్నారు. మళ్లీ.

నాలుగోసారికి ఆవిడ కళ్లు ఇటు తిరిగాయి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గీవెనమె, అంది.

ఇంటర్‌ప్రెటర్ దొరికేదాకా ఇద్దరూ అదే పాఠం. ఆయన వేలు పట్టుకుని ఐవీ పెట్టించుకుంది. తర్వాత ఆపరేషన్‌కి తనే ఒప్పుకుంది.

ఈరోజు వదిన నన్నే వెళ్లమంది.

మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. పది దాటితే ఆవిడ కంగారుపడుతుంది. తట్టాను.

వాకర్ చప్పుడు. ఆ తర్వాత గొంతు. గీవెను, గీవెని, గీవెన.

ఆగింది.

ఎలా చెప్పాలో కార్‌లో రిహార్సల్ చేసుకున్నాను. ఒక్క ముక్కా నోట్లోంచి రాలేదు. గీవెనమె అన్నాను. గీవెనతె అన్నాను. చివరి మాట అనలేకపోయాను.

గడియ తియ్యలేదు. గొంతు ఆయనది కాదని, ఆయన ఇక రారని ఆవిడకు అర్థమైపోయింది. నేను తలుపుకి నుదురు ఆనించి ఏడ్చాను.

కాసేపటికి ఆ మిగిలిన మాట ఆవిడే అంది, క్లాసులో చెప్పినట్టు గట్టిగా.

గీవెన.

అప్పుడు తలుపు తీసింది.

వెళ్లి రండి అన్నయ్యా. మీరు వెళ్లిన చోట ఎవరూ మిమ్మల్ని తలుపు బయట నిలబెట్టకూడదు. ప్రభువు దగ్గర, చలి లేని చోట, హాయిగా ఉండండి.