చెల్లెలికి ఆ వయసొచ్చాక

పందొమ్మిది వందల యాభైలలో నేను ఆరోగ్య సర్వే గుమాస్తాను. ధర్మవరం నేతగాళ్ళ మోకాళ్ళ నొప్పులకు కారణం వయసా, పోయిన ఏడాది వచ్చిన జ్వరాలా తేల్చి రాయమన్నారు. హిందూపురం రైల్లో ఆ కాగితాలతో తల పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా నడివయసు నేతగత్తె.

"ఏం రాస్తాండావప్పా?"

పెద్దవాళ్ళకే నొప్పులు ఎక్కువ కాబట్టి వయసే కారణమని రాస్తున్నానన్నాను.

"మా చెల్లెలు నాకన్నా పదేండ్లు చిన్నది. జ్వరం ఇద్దరికీ వచ్చింది. నొప్పులు నాకే ఉండాయి. అది చిన్నదని రాలేదా, నేను కరువులో పుట్టినానని నాకొచ్చినాయా?"

కాగితాలన్నీ మళ్ళీ తిరగేశాను. ఒక్క ఏడాది అడిగిన లెక్కలో దానికి జవాబు లేదు. ఆమె మీదే కోపమొచ్చింది.

"పదేండ్లకు మళ్లా మా ధర్మవరం రా. దానికి నా వయసొస్తాది. అప్పుడు దాని మోకాళ్ల గురించి అడుగు" అని, కమ్మీ పట్టుకుని మెల్లగా పెనుకొండలో దిగిపోయింది.

పైఅధికారికి చెబితే, "సర్వే ఒక్కసారే. వయసని రాసెయ్" అన్నాడు. రాసేశాను.

పదేళ్ళకు సొంత సెలవు పెట్టుకుని ధర్మవరం వెళ్ళాను. మగ్గాల వీధిలో ఒకాయన, "ఎవరు కావల్లప్పా?" అని అడిగాడు.

ఆమె పేరు గానీ, చెల్లెలి పేరు గానీ నేను అడగనే లేదు.