ఆగండి, నేల చూడాలి

మా బావమరిదికి నేల పిచ్చి. భూములు కొనే పిచ్చి కాదు. కాలి కింద ఉన్న నేలను చచ్చినా నమ్మని పిచ్చి. ఎక్కడికి వెళ్ళినా ముందు చెప్పులు విప్పి, అరికాలితో నాలుగువైపులా తడిమి, అప్పుడు గానీ ఒంటి బరువు పూర్తిగా మోపడు. ఆస్పత్రిలో మొదటి మనవరాలిని చేతికి అందిస్తే, "ఇక్కడ గచ్చు తడిగా ఉందమ్మా. ముందు తుడవండి, తర్వాత ఎత్తుకుంటాను" అని నర్సుకు చెప్పిన మనిషి.

ఇలాంటివాడికి నృత్య బృందంలో నేల పరిచే ఉద్యోగం దొరికింది. ఇప్పించింది నేనే. ఆ సంగతి వాడు ఎవరికీ చెప్పడు గనక నేను చెబుతున్నాను. నల్ల షీటు చుట్టలు వేదిక మీద పక్కపక్కన పరిచి అతుకుల మీద టేపు అంటించడం వాడి పని. ఎవరికైనా గంట పడుతుంది. వీడికి మూడు గంటలు. మిగతా రెండు గంటలూ బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తూ ఉంటాడు.

"ఏం చూస్తున్నావురా?"

"ఎత్తుపల్లాలు బావా."

"షీటుకి ఎత్తుపల్లాలేమిట్రా?"

"కాగితం మందం చాలు బావా, కాలు మెలిక పడ్డానికి."

నాట్యం చేసే పిల్లలు వాణ్ణి 'నేల మావయ్య' అంటారు. నన్ను 'టైలర్ తాతయ్య' అంటారు. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. లెక్కల్లో మొదటివాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్లలో రెండువందల పదకొండు నృత్యాలకు బట్టలు కుట్టాను. వేదిక మీద ఒక్క కుట్టు ఊడలేదు, నా చేతిలోంచి ఒక్క గుండుసూది కింద రాలలేదు. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి.

ఒకసారి మా నృత్యోత్సవ కమిటీ అధ్యక్షులవారు బూట్లతో వేదిక ఎక్కబోయారు. మావాడు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"నేను అధ్యక్షుణ్ణయ్యా."

"మీరు రండి. బూట్లు రాకూడదు."

ఆయన బూట్లు విప్పారు. మేజోడు బొటనవేలి దగ్గర చిల్లు పడి ఉంది. ఆ చిల్లు అక్కడికక్కడే నాలుగు నిమిషాల్లో కుట్టింది నేను. బయటికి కుట్టు కనబడలేదు. ఆయన ఇప్పటికీ నన్ను పేరుపెట్టి పలకరిస్తారు. మావాణ్ణి చూస్తే మాత్రం ముందు తన కాళ్లకేసి చూసుకుంటారు.

అసలు కథ ఈ ఏటి ఉత్సవానిది. మా బృందం కొత్త నృత్యం తయారు చేస్తోంది. ఈ కొత్తరకం నృత్యంలో పాట ఉండదు, కథ ఉండదు. పడతారు, లేస్తారు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. రెండువందల పదకొండు చూశాక, లేవడం ఎంత కష్టమో తెలిసింది. ఇందులో ఆరుగురు అమ్మాయిలు. అయిదుగురు చుట్టూ తిరుగుతుంటే, పెద్దమ్మాయి అని మేం పిలుచుకునే ఆవిడ ఇరవై రెండు నిమిషాల్లో పదకొండుసార్లు పడాలి. ఆవిడకు ముప్పై తొమ్మిదేళ్లు. ఎడమ మోకాలికి ఆపరేషనై అయిదు నెలలు.

నృత్యం కూర్చిన డైరెక్టరమ్మ వయసులో ఆవిడకన్నా చిన్నది. మెడలో స్టాప్‌వాచీ లేకుండా కనపడదు. మొదటిరోజే అందరి ముందూ చెప్పింది: "ఆఖరి రిహార్సల్లో మొత్తం చెయ్యగలిగితే పాత్ర నీదే అక్కా. లేకపోతే మీ ఆరుగురిలో చిన్నమ్మాయి చేస్తుంది. ఉత్సవంలో నువ్వు మధ్యలో కూలబడితే నేను చూడలేను."

"చేస్తాను," అంది పెద్దమ్మాయి.

ఇక రోజూ ఒకటే తంతు. ఎనిమిదోసారి పడటం అవుతుందో లేదో, పక్క తెరల చాటునుంచి మావాడి గొంతు.

"ఆగండి, నేల చూడాలి."

పాకుకుంటూ వచ్చేవాడు. అరచేతులతో షీటంతా నిమిరేవాడు. అతుకులు గోటితో గీకేవాడు. అయిదు నిమిషాలయ్యాక ఒక గుండుసూది పైకెత్తి, నా వైపు తిరిగి తాపీగా అనేవాడు.

"బావా, నీదే."

సూది ఇవ్వమంటే ఇచ్చేవాడు కాదు. "సాక్ష్యం, నా దగ్గరుండాలి" అని జేబులో వేసుకునేవాడు. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, పద్నాలుగు రోజులు. ఇంట్లో మా ఆవిడ కూడా తమ్ముడి పక్షమే. "చూపు తగ్గిందేమోనండీ, ఓసారి చూపించుకోకూడదూ?" అంది.

నేను సూదుల డబ్బా పొద్దున లెక్కపెట్టడం మొదలెట్టాను, సాయంత్రం లెక్కపెట్టడం మొదలెట్టాను. రెండువందలు ఉండాలి. నూటతొంభైతొమ్మిది ఉన్నాయి. మర్నాడూ అంతే, వారం తర్వాతా అంతే. పోయింది ఒకటి. దొరికినవి పద్నాలుగు. మా లెక్కల మాస్టారు బతికి ఉంటే ఈ లెక్క చూసి సుద్దముక్క కింద పెట్టేసేవారు.

ఆఖరి రిహార్సల్‌కు ముందురోజు డైరెక్టరమ్మకు ఓపిక అయిపోయింది.

"మావయ్యా, రేపు మీరు ఆపితే ఉత్సవానికి వేరేవాళ్లు నేల పరుస్తారు."

"అలాగేనమ్మా," అన్నాడు మావాడు. మొహం మాత్రం సున్నం వేసిన గోడలా ఉంది.

ఆ మధ్యాహ్నమే కాలర్ చిరిగిందని చొక్కా నా మిషను మీద పడేసి, బనీనుతో పక్కన కూర్చున్నాడు. కాలర్ మడత విప్పాను. లోపల ఒక గుండుసూది. తెల్ల తల, మెడ దగ్గర కొద్దిగా వంపు. పద్నాలుగు రోజులు నా కళ్ల ముందు ఎత్తి పట్టుకున్నది అదే.

"ఏమిట్రా ఇది?"

"సూది."

"పద్నాలుగు రోజులుగా నా పరువు తీసింది ఈ ఒక్క సూదా?"

"ఎన్ని కావాలి బావా?"

నేను కత్తెర మిషను మీద విసిరికొట్టాను. వాడే నెమ్మదిగా చెప్పాడు.

"ఎనిమిదోసారి పడ్డాక ఆ పిల్ల మోకాలు వణుకుతుంది. పైనుంచి మీకెవరికీ కనపడదు. నేల మీంచి చూస్తే కనపడుతుంది. అయిదు నిమిషాలు ఊపిరి తీసుకుంటే మిగతా మూడూ చక్కగా పడుతుంది."

"నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడిగితే పాత్ర పోతుందిగా."

"అందుకని నా పేరు చెడగొట్టావా?"

"నీ పేరు ముప్పై ఎనిమిదేళ్లది బావా, తట్టుకుంటుంది. దాని మోకాలు అయిదు నెలలదే."

నేను కాలర్ కుట్టి ఇచ్చాను. సూది మళ్లీ లోపలే పెట్టాను.

మర్నాడు ఆఖరి రిహార్సల్. పెద్దమ్మాయి ఎనిమిదోసారి పడింది. మావాడు తెర పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. నేను వంగి చూశాను. నిజమే, మోకాలు వణుకుతోంది. అరచెయ్యి నేలకు ఆనించింది గానీ లేవడం లేదు. డైరెక్టరమ్మ చూపు స్టాప్‌వాచీ మీంచి పైకి లేస్తోంది.

నా మణికట్టుకు కట్టుకున్న సూదుల దిండులోంచి ఒక సూది తీసి వేదిక మీదకి వదిలాను.

"ఆగండమ్మా. నా సూది పడింది."

మావాడు నన్ను ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"నీదేనా బావా?"

"నాదే."

"బాగా చూసుకున్నావా?"

"నాదేరా. వెతుకు."

నల్ల షీటు మీద తెల్ల తల సూది చుక్కలా మెరుస్తోంది. మావాడు దాని పక్కనుంచే రెండుసార్లు పాకాడు. కాగితం మందం ఎత్తు కనిపెట్టేవాడు ఆ సూది కోసం నాలుగు నిమిషాలు వెతికాడు. అప్పటికీ వాడికి దొరకలేదు. డైరెక్టరమ్మే వచ్చి తీసింది.

"తాతయ్యా, ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కటీ రాలలేదనేవారుగా?"

"ఇప్పుడు ఒకటి రాలింది."

ఆమె నన్ను చూసింది, మావాణ్ణి చూసింది, చివరికి పెద్దమ్మాయి మోకాలు చూసింది. స్టాప్‌వాచీ మెడలోంచి తీసి జేబులో వేసుకుంది.

"అక్కా, నిజం చెప్పు. ఎంతసేపు కావాలి?"

"ఒక్క నిమిషం ఉంటే చాలు. మిగతా మూడూ పడతాను."

డైరెక్టరమ్మ వంగి అరచేత్తో నేలను ఒకసారి తడిమింది. "అయితే ఎనిమిది తర్వాత ఒక నిమిషం ఎవరూ లేవొద్దు. ఆరుగురూ నేల మీదే ఉండండి. ఏదో పోయినట్టు వెతకండి. ఎలా వెతకాలో మావయ్య నేర్పుతారు."

ఆ రోజంతా మావాడు గురువు. "అరచెయ్యి తేలిగ్గా. గోరుతో కాదు, వేలి కొసతో. మూలలు మరవకండి."

ఉత్సవంలో ఆ ఒక్క నిమిషానికి హాలు ఊపిరి బిగబట్టింది. మర్నాడు పత్రికలో దాన్ని గురించే రెండు పేరాలు రాశారు. నాకు అర్థం కాలేదు గానీ కత్తిరించి దాచాను. పెద్దమ్మాయి తొమ్మిది, పది, పదకొండు పడింది. పదకొండుసార్లూ లేచింది. అయిదు నెలల మోకాలు ముప్పై ఎనిమిదేళ్ల పేరులాగా నిలబడింది.

చప్పట్ల మధ్య తెర పక్కన చూస్తే మావాడు చొక్కా చేతితో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఏరా, ఏడుస్తున్నావా?"

"ఏడుపేమిటి బావా. చిన్నమ్మాయి ఎడమ మూల చూడకుండా వదిలేసింది."

తెర పడగానే పాకుకుంటూ వెళ్లి ఆ మూల తడిమి వచ్చాడు. ఏమీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? ఆ బట్టలు కుట్టింది నేను.