గున్నబాబుకు తొమ్మిది దారాలు

సుందరరాజు మామ వంక పెట్టకుండా గ్లాసుడు మంచినీళ్లు కూడా తాగలేడు. అది ఆయన గుణం కాదు, వృత్తి. నగరిలో మరమగ్గాల సొసైటీలో ముప్పైరెండేళ్లు గుడ్డ తనిఖీ చేసిన మనిషి. తానును బల్లమీద పరిచి, గజం గజం వెలుతురులో చూసి, ఎక్కడ పోగు తెగినా, ఎక్కడ పేక వదులైనా అంచుకు ఒక ఎర్ర దారం ముడివేసేవాడు. దారం ఉన్నచోట దోషం ఉన్నట్టు. ఆయన చేతిలో పడ్డ తాను ఒక్క దారమైనా లేకుండా బయటికి పోవడం నగరిలో ఎవరూ చూడలేదు. రిటైరై తిరుపతికి వచ్చాక చూడటానికి గుడ్డ లేకుండా పోయింది. అప్పుడాయన కన్ను నా అంగడిమీద పడింది.

నాది వీడియో గేముల సెంటరు. బస్టాండు వెనక లాడ్జీల సందులో నాలుగు టీవీలు, నాలుగు మిషన్లు, గోడకు ఆటల డబ్బాల వరస. దర్శనం టైముకోసం కాచుకునే యాత్రికుల పిల్లలు, సాయంత్రమైతే సందులోని పిల్లలు, వీళ్లే నా రాజపోషకులు. మామ పొద్దున పదింటికి, పిల్లలందరూ బళ్లో ఉండే వేళకు వచ్చి, కండువా దులిపి కూర్చుని, కార్టూన్ బొమ్మల ఆటలు మాత్రమే ఆడేవాడు. వయసు అరవైయారు. మొదటిరోజు జాయ్‌స్టిక్‌ను తలకిందులుగా పట్టుకుని పావుగంట ఆడి, బాగలేదన్నాడు.

"మామా, ఆ తుపాకుల ఆట ఒకసారి చూడరాదా? అందరూ అదే అడుగుతా ఉండారు," అన్నాను ఒకరోజు.

"దాంట్లో చూసేదేముండాదప్పా? కొట్టుకునేదానికని చేసినారు, కొట్టుకుంటా ఉండారు. అది నిజాయితీ. ఇది అట్లగాదు. బిడ్డలకు ముందే తెలిసిన బొమ్మను తెచ్చి ఆటలో పెట్టినారు. అంటే నమ్మించినారు. నమ్మించినోడు ఒళ్లు దగ్గర పెట్టుకోని నెయ్యల్ల."

ఆయన విమర్శకుడే కాని అన్యాయస్థుడు కాడు. చిట్టెలుక ఠాణా అని ఒక ఆట ఉంది, టీవీలో వచ్చే ఎలుక పోలీసులదే. దాన్ని మూడురోజులు ఆడి తీర్పు చెప్పాడు.

"మంచి చెప్తా విను. చదవను రాని బిడ్డ కూడా ఆడతాది. ఎలుక తోక యాపక్క తిరిగితే ఆపక్క పోవల్లని టీవీ చూసే తెలుసు దానికి. రెండోది, ఇద్దరు కలిసి ఆడొచ్చు. అన్నాచెల్లెలు గంటసేపు జుట్లు పట్టుకోకుండా ఒకే చాపమీద కూర్చుండేది ఈ ఆటకే సూస్తా ఉండా."

"మరి దోషం?"

"ఆటలో నాలుగు మెట్లెక్కినా. నాలుగిట్లోనూ అదే వీధి, అదే అంగడి, అదే కుక్క. గోడకు రంగు మార్చినారంతే. మా సొసైటీలో ఒకే చీరకు నాలుగు రంగులద్ది నాలుగు డిజైన్లని అమ్మినోడిని మరుసటి దినం పనిలోనించి తీసేసినారు."

జేబులోంచి దారపు ఉండ తీశాడు. రెండు ముళ్లు వేసి డబ్బాను గోడకు తగిలించాడు. మూడునెలల్లో నా గోడంతా ఎర్ర దారాలు వేలాడసాగాయి.

ఇంట్లో కూడా ఇదే వరస. ఒకరోజు దేవకమ్మత్త పెట్టిన చారుగిన్నె చెవికి మూడు దారాలు కట్టాడట. అత్త కోప్పడలేదు. ఆ ఉండలోంచే ఒక దారం తెంపి, ఆయన కళ్లజోడు పుల్లకు ముడివేసింది. ఆయన దాన్ని విప్పలేదు. చెవి పక్కన ఆ దారంతోనే అంగడికి వచ్చి, "న్యాయమే గదా, నాక్కూడా ఒకరు తనిఖీ ఉండల్ల," అన్నాడు.

ఈ దారాలు నా వ్యాపారాన్ని ముంచుతాయని భయపడ్డాను. జరిగింది వేరు. ఒక మధ్యాహ్నం ఒకావిడ, గుండుమీద గంధం ఆరని కొడుకును వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. గోడ చూసింది. చెప్పులు వాకిట్లో విడిచి, ఒక్కొక్క డబ్బా దారం కళ్లకద్దుకుంది.

"సామీ, ఇవి యాడ కట్టించినారు? కొండమీదనా?"

"కాదమ్మా, మా మామ కట్టినాడు."

"పుణ్యాత్ముడు. మా వాడికి అన్నిటికన్నా ఎక్కువ కట్టిండేది ఇయ్యండి."

నేను వ్యాపారస్థుణ్ణి. నోరు మూసుకుని ఆ డబ్బాలోని ఆట పెట్టాను. ఆ తర్వాత తిరుపతికి వచ్చినవాళ్లంతా ఆవిడలాగే దారాలు లెక్కపెట్టి మరీ అడగడం మొదలుపెట్టారు. ఎంత దోషం ఉంటే అంత గిరాకీ. మామ ఇది తెలిసి కుమిలిపోయాడు. జనాన్ని హెచ్చరించడానికి ఇంకో రెండేసి కట్టాడు. దాంతో శనివారాలు వాకిట్లో వరస నిలబడింది.

అందరికన్నా ఎక్కువ దారాలు గున్నబాబువి. గున్నబాబు అంటే టీవీలో వచ్చే ఏనుగుపిల్ల, నీళ్లంటే భయం, అందరితో సావాసం. వాడి పేరుమీద వచ్చిన కార్ల పందెం ఆటకు మామ తొమ్మిది దారాలు కట్టాడు. ఆ తొమ్మిదీ ఆయనకు కంఠతా వచ్చు.

"ఆర్నెల్లుగా సూస్తా ఉండా టీవీలో. ఆ ఏనుగు చీమనుగూడా తొక్కదు. ఈడ కారెక్కిన వెంటనే కోతుల్ని గుద్దుకుంటా పోతా ఉండాది. ఎవురు నేర్పించినారు దానికి? గొంతుగూడా దానిది కాదు, ఎవురో జలుబు చేసినోడు మాట్లాడినాడు. సరే, అది పోనీ. ఈ ఆటలో ఓడిపొయ్యేదే లేదు బాలచంద్రా. కారును చెరువులో పడేస్తే ఎత్తి మళ్లా రోడ్డుమీద పెడతారు. దీన్ని ఆటంటారా, సేవంటారా? పైగా ఆ వెనకుండే బటన్ నొక్కి పట్టుకుంటేనే కారు కదిలేది. వదిలితే నిలిచిపోతాది. గంట ఆడేటప్పటికి నా వేళ్లు పీకినాయి."

అట్లా తిట్టి తిట్టి, మరుసటిరోజు మళ్లీ దాన్నే ఆడేవాడు. ఇల్లు దూరం కాబట్టి ఇమ్మానుయేల్ ఆటోలో వచ్చి ఆటోలో పోయేవాడు. ఇమ్మానుయేల్‌ది సత్యవేడు వైపు ఊరు. మెత్తటి మనిషి, మామ వంకలన్నీ ఊఁ కొడుతూ వినేవాడు. మామ అతని ఆటో హారన్‌కు కూడా ఒక దారం కట్టాడు.

ఒక సోమవారం మామ దిగాక కూడా ఇమ్మానుయేల్ వెళ్లలేదు. ఆటోలోనే తల పట్టుకుని కూర్చున్నాడు. ఏమైందని అడిగాను. కూతురు అమల, ఎనిమిదేళ్లది, బడి గోడమీదనుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆరువారాలు కట్టు వేశారు. కట్టు విప్పి మూడువారాలైంది. ఎముక అతుక్కుంది కాని వేళ్లు మడవడం లేదు.

"ఆసుపత్రిలో ఎక్సర్‌సైజు చేయించే అమ్మ చెప్పినాదన్నా, దినామూ మడవల్ల, లేకుంటే బిగుసుకోని అట్లే నిలిచిపోతాయని. ఈ పాప చెయ్యి ముట్టనీదు. నొప్పని గౌను కింద దాచుకుంటాది. మైదా పిండి ముద్దిచ్చినాము, రబ్బరు బంతి ఇచ్చినాము, విసిరికొట్టింది. బళ్లో ఎడమచేత్తో రాస్తా ఉండాదని నవ్వుతా ఉండారంట. మెత్తగా చెప్పి సూసినా, గట్టిగా చెప్పి సూసినా. ఇంకేం చెయ్యల్లో తెలియలేదు," అన్నాడు.

మామ సానుభూతి మాటలేవీ చెప్పలేదు. "ఆ కట్టు సరిగ్గా వేసింటే ఇంత దూరం రాదు," అని దానికీ ఒక వంక పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. మనిషికి ఇంత కష్టమొస్తే కూడా తప్పులెన్నడమేనా అనుకున్నాను.

మరుసటిరోజు మామ వింత వాలకంతో వచ్చాడు. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కదానికీ చీపురుపుల్ల ఆనించి, అవే ఎర్ర దారాలతో బిగించి కట్టుకున్నాడు. వేళ్లు మడవడానికి లేదు. ఆ చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుని గోడమీది ఆటలన్నీ మొదటినుంచి మళ్లీ ఆడటం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలకొకసారి జాయ్‌స్టిక్ జారి కాలిమీద పడేది.

"ఏం మొక్కు సామీ?" అని అడిగాడు దర్శనం టికెట్టు చేతపట్టుకున్న ఒక పెద్దమనిషి.

"పెద్ద మొక్కే," అన్నాడు మామ, తల తిప్పకుండా.

ఐదురోజులు అట్లా ఆడాడు. ఎలుక ఆటలో తొందరగా నొక్కాలి, పుల్లలతో కుదరదు, పక్కన పెట్టాడు. గుమ్మడిగుర్రం ఆటలో మూడుసార్లు పడితే ఆట అయిపోతుంది, పక్కన పెట్టాడు. కోతుల పడవ ఆటకు బొటనవేలొక్కటి చాలు, అదీ పక్కన పెట్టాడు. ఈ పెద్దాయనకు మతి తప్పిందని దేవకమ్మత్తకు ఫోన్ చేశాను. "ఇంట్లో అన్నంగూడా ఎడమచేత్తోనే తింటా ఉండాడు నాయనా, అడిగితే పనిలో ఉండానంటాడు," అంది ఆమె.

ఆరోరోజు ఆదివారం. ఇమ్మానుయేల్, అమలను చర్చినుంచి నేరుగా అంగడికి తెచ్చాడు. రమ్మన్నది మామేనట. పాప తెల్లగౌను కింద చెయ్యి దాచుకుని, నా గోడ వైపు చూసి, గున్నబాబు డబ్బా దగ్గర ఆగింది.

"నాకు గున్నబాబంటే ఇష్టం," అంది మెల్లగా.

"నాకు పడదు," అన్నాడు మామ. "ఒట్టి పిరికి ఏనుగు."

పాప మొహం ఎర్రబడింది. మామ ఆ డబ్బానే గోడమీదనుంచి తీశాడు. నేను మామను పక్కకు లాగి, ఇదేం పని, తొమ్మిది దారాల ఆట తెచ్చి పాప ముందు పెడుతున్నావు అన్నాను.

"ఆ దారాలు ఎవురికి కట్టినా బాలచంద్రా? నాకు కట్టినా. గట్టిగా ఉండే వేళ్లకు, ఓడినా తట్టుకునే మనసుకు. ఈ పాప ఒకసారి ఓడితే మళ్లా ముట్టదు. దీంట్లో ఓటమి లేదు. చెయ్యి మడవనంటాది. దీంట్లో వేళ్లు బిగించి పట్టుకుంటేనే బండి కదిలేది. వదులు నేత చీరకు పనికిరాదని మేము పక్కన పెట్టేవాళ్లం. ఆ గుడ్డలనే పురిటి బిడ్డలకని ఆడోళ్లు అడిగి తీసకపొయ్యేవాళ్లు. అంతకంటె మెత్తటిది ఇంకోటి దొరకదు."

నేను మిషన్ పెట్టాను.

మొదటిరోజు పాప చూపుడువేలు ఒక్కటే బటన్‌కు ఆనింది. కారు జానెడు కదిలి నిలిచింది. కళ్లనీళ్లు తిరిగాయి. లేవబోతుంటే మామ రెండో జాయ్‌స్టిక్ అందుకుని కోతి కారులో ఆమె పక్కనుంచి దూసుకుపోయాడు. "నేను చెప్పలా? ఏనుగుకు బండి తోలను రాదు," అన్నాడు. పాప మళ్లీ కూర్చుంది. కారు మూరెడు కదిలింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇదే తంతు. మామ గున్నబాబును తిట్టేవాడు, పాప పళ్లు కొరుకుతూ బటన్ నొక్కేది. చెవులు చాటల్లా ఉన్నాయనేవాడు. తొండం అడ్డం పడుతోందనేవాడు. నీళ్లంటే భయపడే ఏనుగు స్నానం ఎట్లా చేస్తుందని అడిగేవాడు. చిన్నపిల్లతో ఇంత పంతమేమిటి మామా అని నేను కసిరితే, "నొప్పిని కోపమే మరిపిస్తాది. నువ్వు సోడా తెప్పియ్యి," అనేవాడు. వారానికి రెండో వేలు కదిలింది. పదో రోజుకు మూడోది. మామను దాటి పోయిన రోజు పాప ఎగిరి గంతేసింది. మామ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని అత్త చెప్పింది. కావాలని కాదు, నిజంగానే వెనకబడ్డాడట, అదీ ఆయన బాధ.

చిటికెనవేలు మాత్రం లొంగలేదు. ఇంకో వారమైనా కర్రలాగే నిలబడి ఉంది. ఆసుపత్రిలో శుక్రవారం చూస్తామన్నారు. గురువారం సాయంత్రం ఇమ్మానుయేల్ ఆటో ఆపి లోపలికి వచ్చి, కూతురు చెయ్యి చూసి, స్టూలుమీద కూలబడ్డాడు. మామ అతని మొహం చూశాడు. టీవీ వైపు తిరిగాడు.

"ఏమి పాపా, నిన్న టీవీలో సూసినా. కోతిపిల్ల వాగులో పడితే నీ గున్నబాబు గట్టుమీదే నిలబడుకోని ఏడిచినాడు. సిగ్గు లేదా వాడికి?"

"ఏడిచినాడు గానీ దూకినాడు."

"దూకలేదు."

"దూకినాడు! నువ్వు కడదాకా సూడలేదు."

"సూసినా. వెనక్కి తిరిగి పరిగెత్తినాడు. పిరికోడు, ఎప్పటికీ పిరికోడే."

పాప జాయ్‌స్టిక్ కింద పెట్టింది. లేచి నిలబడింది. సుందరరాజు మామ భుజంమీద కుడిచేత్తో దబ్బున ఒక గుద్దు గుద్దింది.

ఇమ్మానుయేల్ గభాలున లేచాడు. "పెద్దాయన్ని కొడతావా పాపా," అని చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. పాప పిడికిలి ఇంకా మామ భుజంమీదే ఉంది. ఐదు వేళ్లూ మడుచుకుని ఉన్నాయి, చిటికెనవేలుతో సహా. మామ కదల్లేదు. భుజం నొప్పి పెడుతోందో ఏమో కళ్లు చెమర్చాయి, మొహం మాత్రం నవ్వుతోంది. ఇమ్మానుయేల్ ఆ పిడికిలిని ఒకసారి, మామను ఒకసారి చూశాడు.

"పాపా," అన్నాడు, "తాతకి ఇంకొకటి ఇయ్యి."