బావ కాలూ, సొరచేప గంపా

నేనేదైనా చెప్పడం మొదలుపెడితే మా ఆవిడ పక్కనుంచి హెచ్చరిక జారీ చేస్తుంది: "ఈయన చెప్పేదాంట్లో సగం తీసేసి వినండి." పాపం, నా పరువు కోసం తగ్గించి చెబుతోంది. ముప్పాతిక తీసెయ్యాలి. నాకు బల్లి కనిపిస్తే ఉడుమని చెబుతాను, ఉడుము కనిపించిందా, మొసలే. ముందే ఒప్పేసుకుంటున్నాను, తరవాత నిలదీయొద్దు.

తొంభైల్లో మా పేటకి ఒక రైల్వే హాల్టు ఉండేది. స్టేషన్ మాస్టరు లేడు, టిక్కెట్ల కిటికీ లేదు, గంట కొట్టేవాడు లేడు. ఒక సిమెంటు బల్ల, ఒక బోర్డు. అంతే. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి బోర్డు మీద అక్షరాలన్నీ రాలిపోయి చివరికి ఒక సున్నా మిగిలింది. రైల్లో పోయేవాళ్ళు అదే మా ఊరి పేరనుకునేవారు. ఆ గాలి ఎలాంటిదంటే, ప్లాట్‌ఫారం మీద కట్టేసిన మేకపోతు గాలిపటంలా తాడు చివర ఎగరడం నేను కళ్ళారా చూశాను.

అడిగేవాడు లేనిచోట జనమే చట్టం చేసుకుంటారు. మా చట్టం పేరు 'కాలెయ్యడం'. తోటివాడు ఇంకా దారిలో ఉంటే, ముందొచ్చినవాడు ఒక కాలు బండి మెట్టు మీద, రెండోది ప్లాట్‌ఫారం మీద పెట్టి నిలబడతాడు. కింద కాలు ఉన్నంతసేపూ గార్డు తిడతాడు, ఈల ఊదుతాడు, పచ్చజెండా మాత్రం ఊపడు.

నేను ఎక్కువగా కాలేసింది మా బావ కోసం. బావంటే అక్క మొగుడు కాదు, ఐటీఐలో నా బెంచీవాడు. మావైపు స్నేహం ముదిరితే బావే. వాడి కోసం వేసి వేసి నా కుడికాలు ఎడమకాలి కన్నా జానెడు సాగింది.

ఒకసారి ఆటోనగర్లో ఒక వర్క్‌షాపువాళ్ళు ఫిట్టరు పనికి మా ఇద్దరినీ పరీక్షకి పిలిచారు. ఉన్న ఖాళీ ఒక్కటే. పొద్దున్నే గేటు మూసేలోగా చేరాలంటే మా హాల్టులో ఆగే ప్యాసింజరే దిక్కు. ముందురోజు సాయంత్రం బావ మా ఇంటికొచ్చాడు.

"రేపు కంగారుగా లగెత్తుకు రాకు బావా. పేంటు ఇస్త్రీ సేయించుకుని నెమ్మదిగా రా. నాను కాలేత్తాను గదా."

"మనిద్దర్లో ఎవుడికొత్తాదంటావు?" అన్నాను.

"ఎవుడికొత్తే ఏటి? వచ్చినోడు రెండోవోడికి బిర్యానీ ఎట్టాల. అంతే!"

మర్నాడు ఇస్త్రీబండి దగ్గర బొగ్గులు ఎంతకీ రాజుకోలేదు. నేను కంగారుపడలేదు. బండి కూత వినబడింది. అప్పుడూ పడలేదు. బావ కాలుంది కదా! ప్లాట్‌ఫారం చివరికి చేరేసరికి బండి ఆగే ఉంది. తలుపులో బావ, కింద కాలు. చెయ్యెత్తాను.

సరిగ్గా అప్పుడే ఒక చేపలావిడ మా ఇద్దరి మధ్యా గంప దించింది. అందులో సొరచేప. మామూలు సొర కాదు, తల ఒక పెట్టె దగ్గరుంటే తోక గార్డు పెట్టె దగ్గరుంది. దాని వెనకాల బావ మాయమైపోయాడు. నేను కనబడక, ఇంక రాననుకుని, కాలు పైకి తీసేసుకున్నాడు. పచ్చజెండా లేచింది. నేను పరిగెత్తిన పరుగుకి చెప్పులు ముందు చేరాయి, నేను తరవాత చేరాను. బండి మాత్రం చెప్పులకీ అందలేదు, నాకూ అందలేదు.

బల్ల మీద కూచున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎలిపోనాది బాబూ. కూకో. పేంటు నలిగిపోతాది."

బస్సులు మారి ఆటోనగర్ చేరేసరికి గేటు మూసేశారు. పని బావకొచ్చింది. "నువ్వు రావనుకున్నాను బావా" అన్నాడు. బిర్యానీ ఊసు ఇద్దరం ఎత్తలేదు. నేను కంచరపాలెంలో ఒక సైకిళ్ళ కొట్లో కుదురుకున్నాను. ఆ కొట్టుకొచ్చిన ప్రతివాడికీ సొరచేప కథ చెప్పాను. చెప్పినకొద్దీ సొర పెరిగింది.

రెండువేల పదో సంవత్సరం దాటాక గాజువాకలో బావ కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో అడిగితే ఆ కథే విప్పాను. బంతి బంతంతా నవ్వుతోంది. వడ్డిస్తున్న బావ గరిటె పట్టుకుని ముందుకొచ్చాడు.

"నిజిం! ఆ సొర తోక నా కంట్లో గుచ్చీసినాది. నేపోతే మా బావని వొదిలేసి ఎల్లిపోతానేటి?" అని నా విస్తట్లో ఇంత బిర్యానీ వేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను బిర్యానీ అలాగే ఉంచి విస్తరి మడిచేశాను.

ఏది కల్పితమో చెప్పి లేస్తాను. బోర్డు మీద సున్నా నిజం. మేకపోతు కూడా, ఎగరకపోయినా, ఉంది. సొరచేప లేదు. గంప లేదు, చేపలావిడా లేదు. ఆ పొద్దున్న బావకీ నాకూ మధ్య ఉత్త గాలి ఉంది. బావ నన్ను చూశాడు. ఎత్తిన చెయ్యి చూశాడు, పేంటు ఇస్త్రీ మడత దాకా చూశాడు. చూసి, కాలు లోపలికి తీసుకున్నాడు. మళ్ళీ వాడి మొహం చూడాలంటే మధ్యలో ఏదో ఒకటి అడ్డు ఉండాలని సొరచేపని నేనే తెచ్చి పడేశాను.

అయితే వాడి కంట్లో తోక గుచ్చుకుందని మాత్రం నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అది వాడి కల్పన.