తిరగేసి చూస్తే పేరుండాలి

ఎల్లారావుగారు ఏ వస్తువునైనా సరే తిరగేసి చూడందే నమ్మేవారు కాదు. వెనక తయారుచేసినవాడి పేరుంటే అది ఒరిజినలు, లేకపోతే డూప్లికేటు. ఈ రెండూ కాక మూడోరకం సామాను భూమ్మీద లేదని ఆయన సిద్ధాంతం. భవానీపురంలో ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు తాగేముందు గ్లాసు అడుగున పేరు చూసుకునేవారు. ఒకసారి ఆ ధ్యాసలో పడి నీళ్ళతో సహా తిప్పేసి, ఇంటాయన ఒళ్ళంతా తడిపేశారు. ఆయన లబోదిబోమంటుంటే ఈయన మాత్రం, "కంగారు పడకండి, పేరుంది. ఒరిజినలే" అని ధైర్యం చెప్పారు.

కూతురు హేమ పెళ్ళిచూపులప్పుడైతే మరీను. పెళ్ళికొడుకు చేతి వాచీ విప్పించి, వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకెత్తి మరీ చదివారు. ఆయన భార్య గంగాదేవిగారికి తల కొట్టేసినట్టయింది.

"పిల్లాణ్ణి కూడా తిరగేసి చూస్తారా ఏంటి! కూర్చోండి!"

అలాంటి మనిషి చేతికి ఒక కారు వచ్చింది. మామూలు కారు కాదు. విశాఖ పోర్టులో కస్టమ్స్ వాళ్ళ వేలంలో పాడుకున్న జపాను స్పోర్ట్స్ కారు, టయోటా సెలికా. ఎల్లారావుగారిది బందరు వైపు సముద్రం మీద బతికిన కుటుంబం. రొయ్యల వ్యాపారం బాగా కలిసొచ్చి బెజవాడలో స్థిరపడ్డారు. "మన రొయ్యలు జపానుకి పోతున్నయ్. వాడి కారొకటి మన దగ్గరికొచ్చింది. చెల్లుకి చెల్లు" అనేవారు.

ఆ కారు మొదటిసారి ఆటోనగర్‌లోకి వచ్చిన రోజుని ఫిన్నీ చచ్చేదాకా మరిచిపోడు. ముందు బానెట్టు వచ్చింది. చాలాసేపు బానెట్టే వచ్చింది. ఆ తర్వాత తీరిగ్గా మిగతా కారు వచ్చింది. చిలకపచ్చ రంగు, రెండే తలుపులు, నీటివాలున జారినట్టుండే వెనక అద్దం. లేతు మిషన్లు ఆగిపోయాయి. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసు నోటిదాకా తెచ్చి మింగడం మరిచిపోయారు. ఫిన్నీ వాళ్ళ నాన్న పుల్లయ్య, ఆ వీధిలో సొట్టలు తీయడంలో పేరున్న మేస్త్రీ, సుత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గుణదల మేరీమాత కొండ ఎక్కబోతున్నట్టు చెప్పులు కూడా విప్పేశాడు.

"ఏం కారండీ ఇది?" అన్నాడు గొంతు తగ్గించి.

"సెలికా" అన్నారు ఎల్లారావుగారు.

"చిలకా! పేరు భలే పెట్టారండీ, రంగుకి తగ్గట్టు" అన్నాడు పుల్లయ్య.

అంతే. జపానువాళ్ళు ఎంతో ఆలోచించి పెట్టుకున్న పేరు ఆటోనగర్ పొలిమేర దాటకముందే చిలకైపోయింది. వారం తిరక్కుండా ఎల్లారావుగారే "చిలక దగ్గింది పుల్లయ్యా, కాస్త చూడు" అంటూ వచ్చేవారు.

ఇక ఫిన్నీ సంగతి. వాడి చేతిలో పడ్డ బండిని కన్న కంపెనీ కూడా గుర్తుపట్టలేదు. జీపుకి లారీ హారను, వ్యానుకి బస్సు సీట్లు, స్కూటరుకి కారు లైట్లు తగిలించి గానీ నిద్రపోడు. చిలకని చూసినప్పట్నించీ వాడి చేతులు ఊరుకోలేదు.

"వెడల్పు టైర్లేద్దామండీ. అదిరిపోద్ది."

"వద్దు."

"పోనీ వెనకాల రెక్క పెడదామండీ. ఫారిన్ కార్లకి ఉంటది చూడండి."

"చిలక్కి రెక్కలు పుట్టుకతోనే ఉన్నాయిరా. నువ్వు కుట్టక్కర్లేదు."

"కనీసం పాటల పెట్టె..."

"నువ్వు బండి మీద చెయ్యి తియ్యి ముందు!"

పైకి సణిగినా, ఆయన వెళ్ళాక ఫిన్నీ ఆ కారు చుట్టూ తిరుగుతూ నిలబడిపోయేవాడు. ఏ నట్టుని కదిపినా అందం చెడేట్టుందని వాడికీ లోపల తెలుసు.

ప్రమాదం జరిగింది రొయ్యలకి వైరస్ వచ్చిన ఏడు. చిలక కింద తుప్పు పట్టిందని పుల్లయ్య షెడ్డులో పెట్టారు. చక్రాలకుండే మెరుపు మూతలు, మనవాళ్ళు వీల్ కప్పులంటారే, అవి ఊడదీసి గోనెసంచి మీద ఆరబెట్టారు. రివర్సులో వచ్చిన లారీ ఒకటి ఎడమ వెనక చక్రం కప్పు మీదెక్కి దాన్ని అప్పడం చేసింది. సొట్టలు తీయడంలో మొనగాడైన పుల్లయ్య కూడా దాన్ని చూసి నోరు వెళ్ళబెట్టాడు.

సరిగ్గా అదే సాయంత్రం ఎల్లారావుగారు వచ్చారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెరువులన్నీ పోయినయ్ పుల్లయ్యా. పిల్ల రొయ్య కూడా మిగల్లేదు. ఇంక నాకీ చిలకొక్కటే ఉంది. దీని మీద గీత పడకుండా చూడు."

పుల్లయ్య అప్పడమైన కప్పుని కాలితో సంచి కిందకి తోశాడు. ఆయనటు వెళ్ళగానే షెడ్డు తలుపేసుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు లోపల్నించి చెక్క సుత్తి చప్పుడు తప్ప మనిషి మాట లేదు. తలుపు తీసేసరికి గోనెసంచి మీద మళ్ళీ నాలుగు కప్పులున్నాయి. కొత్తదేదో ఫిన్నీ కూడా చెప్పలేకపోయాడు.

"రేకెక్కడిది నాన్నా? ఇంత మెరుపుంది!"

"దొరికిందిలే. నోరెత్తావంటే చంపుతా."

ఆ రోజుల్లోనే ఫిన్నీ ఇంట్లో ఇంకో గొడవ లేచింది. వాళ్ళమ్మ శౌరమ్మకి పుట్టింటివాళ్ళు పేరు కొట్టించి ఇచ్చిన పెద్ద స్టీలు పళ్ళెం కనిపించలేదు. అది ఆడపడుచు మాణిక్యమ్మే ఎత్తుకుపోయిందని తేల్చేసి, శౌరమ్మ ఆమెతో మాటలు మానేసింది. చర్చిలో కూడా ఇద్దరూ చెరో వైపు కూర్చునేవారు.

చిలక ఇల్లు చేరిన దగ్గర్నుంచి ఎల్లారావుగారికి కొత్త చాదస్తాలు పట్టుకున్నాయి. వీల్ కప్పులు ఇంకెవరూ తుడవకూడదు. కారు ఎక్కడ ఆపినా ఎడమ పక్క గోడకి ఆనించాలి. గంగాదేవిగారు కూర్చునేదేమో ఆ పక్కే. పాపం, ఆవిడ ప్రతిసారీ కారు బయటికి తీసేదాకా ఆగి, నడివీధిలో నిలబడి ఎక్కాల్సి వచ్చేది.

"ఏం మాయరోగమండీ ఇది?"

"ఆ పక్క చిలక్కి దిష్టి తగులుతుందే" అనేవారాయన. ఫిన్నీ విని తెగ నవ్వుకునేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఎల్లారావుగారు మళ్ళీ నిలదొక్కుకున్నారు. పుల్లయ్య చేతులు వణకడం మొదలై సుత్తి వదిలేశాడు. పాత కార్ల సంఘంవాళ్ళు పి.డబ్ల్యు.డి. గ్రౌండులో ప్రదర్శన పెడుతున్నారనీ, అణువణువూ కంపెనీదే అయిన కారుకి బహుమతిగా కప్పు ఇస్తారనీ పేపర్లో పడింది. మామగారిని సంతోషపెడదామని, పెళ్ళిచూపుల్లో వాచీ విప్పిన అల్లుడు చెప్పాపెట్టకుండా చిలక పేరిచ్చేశాడు.

కబురు విన్న పుల్లయ్య అన్నం ముందునుంచి లేచిపోయాడు.

"నన్ను నమ్మి బండి అప్పజెప్పాడురా ఆయన. రేపు అంతమందిలో డూప్లికేటని తేలితే ఆయన మొహం ఎట్టా చూడను? ఇన్నేళ్ళ పేరు గంగలో కలుస్తదిరా ఫిన్నీ."

ఫిన్నీ పరుగున భవానీపురం వెళ్ళాడు.

"కప్పులు నాలుగూ పీకేద్దామండీ. ఇప్పుడు కప్పుల్లేకుండా తిరగడమే ఫ్యాషను!"

"ఒరిజినల్ సామాను పీకుతావురా! పో అవతలికి!"

ప్రదర్శన రోజున ఎల్లారావుగారు గ్రౌండంతా కలియదిరిగి, ప్రహరీగోడ వెతుక్కుని, ఎడమ పక్క దానికి ఆనించి చిలకని నిలిపారు. దాన్ని చూడ్డానికి జనం విరగబడ్డారు. హైదరాబాదు నుంచి వచ్చిన జడ్జీగారు ఇంజను చూశారు, సీట్లు చూశారు. "ఇలాంటిది ఇంత పదిలంగా ఉండటం నేనెక్కడా చూళ్ళేదండీ" అన్నారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని వీల్ కప్పుల్ని వేలితో మీటారు. కుడివైపు రెండూ, ఎడమవైపు ముందుదీ ఒకేలా మోగాయి. గోడ సందులో దూరి నాలుగోదాన్ని మీటితే భోజనాల పళ్ళెంలా ఖంగుమంది.

"ఇది కంపెనీది కాదు సార్" అన్నారు.

పుల్లయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అయ్యా, తప్పు నాది..."

"నువ్వాగు పుల్లయ్యా" అన్నారు ఎల్లారావుగారు. "కాదంటే సరిపోదండీ. తిరగేసి చూడాలి. పేరుందో లేదో చూసి చెప్పండి."

ఫిన్నీ కళ్ళు మూసుకున్నాడు. జడ్జీగారు కప్పు ఊడదీసి, తిరగేసి, వెనక చుక్కచుక్కలుగా కొట్టిన అక్షరాలు కూడబలుక్కున్నారు.

"శౌ... ర... మ్మ. గుణదల."

"ఓరి దేవుడో! నా పళ్ళెం!" అని జనంలోంచి కేక పెట్టింది శౌరమ్మ.

జడ్జీగారు అయోమయంగా చూశారు. "జపాను కారులో శౌరమ్మ ఎవరండీ?"

"పేరుందా లేదా?"

"ఉందనుకోండి, కానీ..."

"అయితే ఒరిజినలే! మిగతా మూడూ జపానులో మిషను కొట్టింది. ఎన్ని కొట్టిందో దానికే తెలీదు. ఇది మా పుల్లయ్య పెళ్ళాం పళ్ళెం పెట్టి చేత్తో కొట్టాడు. ఇలాంటిది ఇంకోటి చూపించండి, అప్పుడు దీన్ని డూప్లికేటంటాను."

పుల్లయ్య ఎల్లారావుగారి దగ్గరికి జరిగాడు.

"మీకు... తెలుసా అండీ?"

"తుడుద్దామని తీసిన మొదటి ఆదివారమే తెలిసింది. తిరగేసి చూడకుండా ఉంటానా? మా చెల్లెమ్మ పేరు కనపడింది. అది చెరపడానికి నీకు చెయ్యి రాలేదు చూడు, అక్కడే పడిపోయాన్రా నేను."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి ఇంకోటి కొడతానంటావు. మీ ఇంట్లో అన్నం తినడానికి పళ్ళేలు మిగలొద్దూ?"

ఫిన్నీకి అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్ళూ ఎడమ పక్కని గోడకి ఎందుకు దాచారో, గంగాదేవిగారు నడివీధిలో ఎందుకు నిలబడ్డారో. మొదటిరోజు ఆ కారుని చూసినప్పుడు కూడా వాడు ఇంతగా నోరు తెరవలేదు.

బహుమతి కప్పు ఎవరిదో తెల్లకారుకి వెళ్ళింది. ఎల్లారావుగారు అటువైపు చూడనైనా లేదు. శౌరమ్మ మాత్రం వదల్లేదు.

"అన్నయ్యగారూ, మీ మంచితనం బానే ఉంది. నా పళ్ళెం నాకిచ్చేయండి."

"కుదరదమ్మా. ఒరిజినల్ సామాను బండి మీంచి తియ్యకూడదు."

"పోనీ ముందు మాణిక్యమ్మ ఇంటికైనా తీసుకెళ్ళండి. అనవసరంగా అన్నేసి మాటలన్నాను దాన్ని."

చిలక ఆ పూట మాణిక్యమ్మ వీధిలోకి వెళ్ళింది. వెళ్ళి, మొట్టమొదటిసారిగా, ఎడమ పక్క వీధివైపుకి పెట్టి ఆగింది.

మరుసటి వారం ఎల్లారావుగారు తళతళలాడే కొత్త స్టీలు పళ్ళెం ఒకటి పట్టుకుని గుణదల వచ్చారు. శౌరమ్మకి కూడా ఆ జబ్బు అంటుకున్నట్టుంది, చేతికందగానే తిరగేసి చూసింది. వెనక చుక్కలతో పొందిగ్గా కొట్టించి ఉంది:

"శౌరమ్మ, గుణదల. డూప్లికేటు."