ఊడ్చిన అడవి

మాస్కులు తీసేయవచ్చని చెప్పిన ఏడాది నన్ను సీనియర్ ఫీల్డ్ అసెసర్‌గా చాంగీ బిజినెస్ పార్కులోని ఆఫీసుకు వేశారు. ఉద్యోగంలో అది నా చివరి పోస్టింగు. చుట్టూ బ్యాంకుల ఆఫీసులు, ఐటీ కంపెనీలు. వాటి మధ్య ఒక చిన్న గదిలో మా ట్రస్టు. లిఫ్టులో కలిసే తెలుగు పిల్లలు నా మట్టి బూట్లు చూసి, "ఆంటీ, మీరు ఏ ప్రాజెక్టు?" అని అడిగేవారు. అడవులు అని చెబితే నవ్వేవారు. సింగపూర్‌లో అడవులు చూసే ఉద్యోగం ఉందంటే వాళ్ళు నమ్మలేదు. నమ్మించాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

ఇక్కడ భూమి చాలావరకు ప్రభుత్వానిదే. అయినా అక్కడక్కడ పాత రబ్బరు తోటలు, పండ్ల తోటలు సొంత భూములుగా మిగిలిపోయాయి. చూసేవాళ్ళు లేక అవే చిన్న చిన్న అడవులయ్యాయి. అలాంటి చోట ఏ చెట్టు ఉంచాలి, ఏది తీయాలి, కొత్తవాటిని ఎలా రానివ్వాలి అని రాబోయే పదేళ్ళకు రాసిపెట్టేదాన్ని నిర్వహణ ప్రణాళిక అంటాం. దాన్ని అర్హత ఉన్న అటవీ నిపుణుడే రాయాలి. ఆ ప్రణాళికకూ, తర్వాత జరిగే పనులకూ అయ్యే ఖర్చులో సగం యజమాని పెట్టుకుంటే మిగతా సగం మా ట్రస్టు ఇస్తుంది. ఇవ్వవచ్చా లేదా అని స్థలం చూసి కమిటీకి నివేదిక రాయడం నా పని.

ఈ పథకంలో ఒక నిబంధన దగ్గర మాత్రం బేరం లేదు. అసెసర్ వచ్చి స్థలాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేసేవరకు అక్కడ ఏ పనీ జరగకూడదు. ఆ నమోదును బేస్‌లైన్ అంటాం. అది లేకపోతే తర్వాత ఏం బాగుపడిందో, ఏం పాడైందో ఎవరూ చెప్పలేరు. ముందే పని జరిగి ఉంటే దరఖాస్తును తిరస్కరిస్తారు. మళ్ళీ పెట్టుకోవాలంటే ఏడాది ఆగాలి.

ఆ పోస్టింగులో నాకు వచ్చిన మొదటి దరఖాస్తు సన్యాసమ్మ ఆంటీది, ఆమె తమ్ముడు అప్పలనాయుడు అంకుల్‌ది. ఇద్దరూ డెబ్భై దాటినవాళ్ళు. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. తండ్రి సెంబవాంగ్‌లో బ్రిటిష్ నౌకాస్థావరం ఉన్నప్పుడు అందులో పనిచేసి, బుకిట్ పంజాంగ్‌కు ఉత్తరాన ఒక చిన్న రబ్బరు తోట కొన్నాడు. రబ్బరు పాలు తీయడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు అక్కడ ముసలి రబ్బరు చెట్లు, వాటి నెత్తిన అల్బీజియాలు, ఒక పెద్ద తెంబుసు చెట్టు, మధ్యలో ఒక మురుగు కాలువ, ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. ఆంటీ బుకిట్ పంజాంగ్ ఫ్లాట్ నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఆ షెడ్డులో కాసేపు కూర్చుని వచ్చేది.

అల్బీజియా తొందరగా పెరుగుతుంది, కొమ్మలు గుల్ల. గాలివానకు అవి పక్కింటి కప్పు మీద పడ్డాయి, ఒకసారి కాదు రెండుసార్లు. అంకుల్‌కు విసుగొచ్చింది. స్థలం కొంటామని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ట్రస్టు చేయి కలిపితే ఉంచుకుందాం, కాదంటే అమ్మేద్దాం, అంతే తప్ప మధ్యలో నానబెట్టడం తనవల్ల కాదని ఆయన అక్కకు చెప్పేశాడు. ఆమె ఒప్పుకుంది. ఈ సంగతి ఆయనే నాకు ఫోనులో దాపరికం లేకుండా చెప్పాడు. ఆయన మాటలో తప్పేమీ నాకు కనబడలేదు.

ఈశాన్య రుతుపవనాలకు కాస్త ముందు బేస్‌లైన్ తనిఖీకి వెళ్ళాను. గేటు దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. నేల మీద ఒక్క ఆకు లేదు. గడ్డి లేదు, తీగ లేదు, మొలక లేదు. గుడి ప్రాకారంలా నున్నగా ఊడ్చి ఉంది, ఈనెల చీపురు గీతలు కూడా ఇంకా చెదరలేదు. ప్రతి చెట్టు మొదలుకూ సున్నం, సున్నం మీద ఎర్ర పట్టీ. తెంబుసు చెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, నల్ల సంచుల్లో కుక్కిన ఆకులు కనబడకుండా వెనక్కు పేర్చారు. ఆంటీ పట్టుచీర కట్టుకుని ఎదురొచ్చింది.

"రా అమ్మా, రా. నువ్వొస్తావని నిన్న సుట్టాలందరం గోతోంగ్ రోయోంగ్ చేసీసినాం," అంది. అందరూ కలిసి తలో చేయి వేసే పనిని ఇక్కడ మలయ్ మాటలో అలా అంటారు. "మొన్నటిదాకా ఒకటే కోతోర్, సెత్తా సెదారం, కాలెట్టనిచ్చేది కాదు. ఇప్పుడు సూడు. ఒక్క ఆకు కనపడితే నన్నడుగు!"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే ఊడ్చి, అలికి, సున్నం కొట్టే ఇంట్లోనే నేనూ పెరిగాను. పొరుగున ఉన్న మలయ్ దేశంలో, పేరా రాష్ట్రంలోని మా కొబ్బరి ఎస్టేటులో దొర వస్తున్నాడంటే మా అమ్మ కొబ్బరి చెట్లకు కూడా సున్నం కొట్టేది. ఇలాంటి మర్యాద ఇంకెవరైనా చేస్తారా? కానీ నేను చూడటానికి వచ్చింది సరిగ్గా వాళ్ళు ఊడ్చి పారేసినదాన్నే. ఆకుల కింద మొలకలు ఉంటేనే, రేపు అల్బీజియాలు తీసిన చోట వేరే చెట్లు లేస్తాయి. మొలకలే లేకపోతే ప్రణాళికలో రాయడానికి ఏమీ మిగలదు.

తాడుతో చదరంగా గుర్తు పెట్టి, అందులో మొలకలు లెక్కించడం మా పద్ధతి. ముందు భాగంలో ఎక్కడ తాడు వేసినా సున్నా. నేను సున్నా రాస్తుంటే ఆంటీ పక్కనే నిలబడి, శుభ్రతకు మార్కులు వేస్తున్నాననుకుని సంతోషపడింది. అప్పుడు చెప్పక తప్పలేదు. చెబుతుంటే ఆమె ముఖం వాడిపోయింది. "అయితే నేనే సెడగొట్టీసినానా?" అంది. వెనకే ఉన్న అంకుల్ నల్ల సంచుల వైపు చూసి, అక్కను కుర్చీలో కూర్చోబెట్టాడు.

దానికి తోడు నేను భోజనానికి ఉండలేదు. దరఖాస్తుదారుల దగ్గర మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదన్నది మరో నిబంధన. "వడై కూడా తినవా?" అని ఆమె అడిగినప్పుడు ఆ నిబంధన రాసినవాడి మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

వెళ్ళేముందు కాలువ దాటి చూశాను. అవతలి వాలు మీద ఎవరూ చేయి వేయలేదు. ముళ్ళ కేతకి పొదలున్నాయని, పాములుంటాయని చుట్టాలు అటు వెళ్ళలేదట. అక్కడ ఆకులు మడమ దాకా ఉన్నాయి. కింద మహాంగ్ అనే అడవి చెట్టు మొలకలు, తెంబుసు మొలకలు వేలెడంత లేచి ఉన్నాయి. మనసు కాస్త కుదుటపడింది.

నివేదికలో ఏదీ దాచలేదు. ముందు భాగంలో బేస్‌లైన్ లేదని, వెనుక భాగంలో ఉందని రాశాను. గాలివాన వల్ల స్థలం దెబ్బతింటే బేస్‌లైన్‌ను ఒక వానాకాలం వాయిదా వేయవచ్చని మా నిబంధనల్లో ఒక క్లాజు ఉంది. దాన్ని ఇక్కడ వాడుకుందామని సిఫారసు చేశాను. కమిటీ అధ్యక్షుడు మిస్టర్ లిమ్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఇక్కడ వీచింది గాలి కాదు, చీపురు కదా అని అడిగాడు. దెబ్బ ఎవరు కొట్టారన్నది క్లాజులో ముఖ్యం కాదు, మొలకలు తిరిగి వస్తాయా లేదా అన్నదే ముఖ్యం, విత్తనాలిచ్చే చెట్లు కాలువకు అవతలే ఉన్నాయి అన్నాను. ఆయన కలం మూత తిప్పుతూ, ఆ మనిషి మళ్ళీ ఊడవదని ఏమిటి నమ్మకం అన్నాడు. చివరికి వానాకాలం అయ్యాక చెప్పకుండా వెళ్ళి చూద్దామని, ఊడ్చి ఉంటే దరఖాస్తు అక్కడితో ఆఖరని తేల్చారు.

ఈ షరతు చెప్పడానికి ఫోను చేస్తే అంకుల్ ఎత్తాడు. అప్పటిదాకా ఆగుతారా అని అడిగాను. "ఆగుతాను లెండి. కానీ అక్క సెయ్యి ఆగుతుందా, అదీ సెప్పండి," అన్నాడు.

ఆగడానికి వాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఆ ఈనెల చీపురును అంకుల్ తన సెంబవాంగ్ ఫ్లాట్‌కు తీసుకుపోయాడు. మనిషంత పొడుగు చీపురు పట్టుకుని రైలెక్కితే అందరూ దారిచ్చారట. అయినా ఆంటీకి చేతులు ఊరుకోలేదు. రోజూ వెళ్ళేది, కుర్చీలో కూర్చునేది, రాలుతున్న ఆకులను చూసి తిట్టుకునేది. ఒకరోజు తమ్ముడికి ఫోను చేసి, షెడ్డు గుమ్మం దగ్గర ఒక్క గజం ఊడ్చుకుంటాను, చీపురు తెమ్మని బతిమాలిందట. తేనన్నాడు. చూడవచ్చిన చుట్టాలు, ఇదేమిటి ఇలా గలీజుగా వదిలేశారు అని మూతి విరిస్తే, అమ్ముదామన్న అంకులే అడ్డుపడి, "అది గలీజు కాదు, బేస్‌లైన్," అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాట ఆయనకు బాగా నచ్చినట్టుంది.

వానలు వెనకపట్టాక మిస్టర్ లిమ్, నేను చెప్పకుండా వెళ్ళాం. ఆంటీ పాత చీరలో ఉంది, జుట్టు చెదిరి ఉంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచి, ఆకులతో నిండిన నేలను చూసి సిగ్గుపడింది. "సారీ సార్, వెరీ డర్టీ. ఐ నెవర్ స్వీప్," అని మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. చెట్ల సున్నం వానకు సగం కారిపోయింది.

మిస్టర్ లిమ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకు తీశాడు. తాడు నేనే వేశాను. చదరంలో మహాంగ్ మొలకలు గొడుగుల్లాంటి ఆకులు విప్పుకుని ఉన్నాయి. రబ్బరు మొలకలు ఉన్నాయి. తెంబుసు నీడ అంచున, గోరంత ఆకులతో తెంబుసు మొలకలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కటీ పేరు చెబుతుంటే ఆంటీ వంగి చూసింది. "ఇన్నాళ్ళూ వీటినేనా నేను ఊడ్సింది?" అంది. మిస్టర్ లిమ్ అక్కడే నన్ను చూసి తలూపాడు.

ప్రణాళిక మంజూరైంది. అల్బీజియాలను పక్కింటి వైపు నుంచి ఒక్కొక్కటిగా తీయడం మొదలైంది. తీసినచోట మహాంగ్ ఇప్పుడు నా తల దాటింది. అక్కతో కలిసి ప్రణాళిక మీద సంతకం పెట్టాక అంకుల్ మళ్ళీ అమ్మకం మాట ఎత్తలేదు.

ఉద్యోగం చివరి రోజుల్లో మా తనిఖీ పద్ధతిలో నేను ఒకే ఒక్క మార్పు చేశాను. యజమానికి తేదీ ఇచ్చేటప్పుడు అసెసర్ ముందుగా అనాల్సిన మాట ఇది: మా కోసం ఏమీ సిద్ధం చేయకండి. ప్రణాళిక అంటే చేయాల్సిన పనుల వరస అనుకునేదాన్ని. ఏది చేయకూడదో ముందు తేలాలని, అది యజమాని చేతికి నచ్చిన పనే అయి ఉంటుందని ఈ తోట దగ్గర తెలుసుకున్నాను.

ఇప్పుడు నేను రిటైరయ్యాను కాబట్టి అక్కడ వడై తినవచ్చు. నేను వెళ్ళినప్పుడు సన్యాసమ్మ ఆంటీ ఆకుల మీదే కుర్చీ వేస్తుంది. కాళ్ళ కింద కూడా ఊడవదు.