న్యూట్రల్‌లో కొండ దిగిన పెళ్ళిచూపులు

మొన్న మా మనవరాలు తన కొత్త కారులో నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళుతూ సిరిపురం దాటి దిగుడులోకి వచ్చేసరికి, నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి, ఇక న్యూట్రల్ వెయ్యవా అమ్మా, అన్న మాట వచ్చేసింది. అది పకపకా నవ్వి, ఇప్పటి కార్లలో గేరులోనే ఉంచి కాలు తీసేస్తే ఇంజనుకు పెట్రోలు దానంతటదే ఆగిపోతుందనీ, న్యూట్రల్ వేస్తేనే ఆరిపోకుండా ఉండడానికి ఎంతో కొంత తాగుతూ ఉంటుందనీ, పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడి ప్రమాదమనీ నాకు పాఠం చెప్పింది. బుద్ధిగా విన్నానే గానీ లోపల నవ్వు ఆగలేదు. ఎందుకంటే నా పెళ్ళి కుదిరిందే ఆ న్యూట్రల్ పుణ్యాన.

మా మావయ్య, అంటే అమ్మకు స్వయానా తమ్ముడు, పోర్టులో ఉద్యోగి. నాన్న పోయాక అమ్మా నేనూ మహారాణిపేటలో ఆయన ఇంట్లోనే ఉండేవాళ్ళం. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర ఆయన ఒక పాతకారు కొన్నారు. కొన్న మర్నాటి నుంచీ ఆ వీధిలో మా ఇంటి గౌరవం పెరిగింది. డెబ్బైల్లో పెట్రోలు ధర ఒక్కసారిగా ఎగిసిన ఏడాది మాత్రం ఆయన మొహంలో నవ్వు పోయింది. కారు అమ్మేస్తారేమోనని మేమంతా దిగులు పడ్డాం గానీ ఆయన ఇంకో మార్గం కనిపెట్టారు. దిగుడు కనిపిస్తే చాలు, గేరు తీసి న్యూట్రల్ వేసేసి ఇంజను కట్టేసేవారు.

మా ఊళ్ళో దిగుడు రోడ్డును డౌన్ అంటాం కదా. కలెక్టరాఫీసు డౌను, పెద్దాసుపత్రి డౌను, ఒకటేమిటి, మిగతావాళ్ళు చుట్టాలను ఎరిగినట్టు మావయ్య ఆ డౌన్‌లన్నిటినీ ఎరుగుదురు. ఏ డౌను ఎంత దూరం తీసుకువెళుతుందో, ఎక్కడ కాస్త ఎత్తు వచ్చి ఊపు చంపేస్తుందో ఆయనకు కొట్టిన పిండి. బ్రేకు వెయ్యడమంటే సంపాదించిన దాన్ని పారబోసుకోవడమని ఆయన అభిప్రాయం. అందుచేత ఎదురుగా ఆవు వచ్చినా బ్రేకు వెయ్యకుండా, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దాన్ని బతిమాలేవారు. డౌను అయిపోయి బండి నెమ్మదించే కొద్దీ మా వెనక వచ్చిన సైకిళ్ళూ రిక్షాలూ మమ్మల్ని దాటిపోయేవి. అయినా ఇంజను వేసేవారు కాదు. మమ్మల్నందరినీ ముందుకు వంగమనేవారు.

"కదలకండి, కదలకండి! ఊపు పోతాది" అని ఆయన కేకలు.

ఒకసారి చేపలమ్మే ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని మా కారుతో సమానంగా నడుస్తూ కిటికీలోంచి అత్తయ్యతో బేరం మొదలుపెట్టింది. బండి మరీ నత్తలా పాకుతోందేమో, వంజరం ముక్కల దగ్గర మొదలైన బేరం కానాగంతల దాకా వచ్చినా కారు ఆగలేదు, ఆవిడా ఆగలేదు.

"ఏటమ్మా, కొనీదేదో కొను, ఇలగ నన్ను ఎంత దూరం నడిపించీత్తావు?" అందావిడ ఆయాసపడుతూ.

"నానేటి సెయ్యను? ఇప్పుడు బండి ఆపితే మా ఆయన నన్ను కూడా ఇక్కడే దింపీసి పోతాడు" అంది అత్తయ్య. ఆ నడకమీదే చేపలు కిటికీలోంచి నా ఒళ్ళోకి వచ్చాయి.

మావయ్య ఎంత పెట్రోలు మిగిల్చారో ఆయనకే తెలియాలి గానీ, బ్రేకులు అరగదీసుకుని ఆయన మల్కాపురం మెకానిక్కు దగ్గరికి తిరగని నెల ఉండేది కాదు. ఇలా లాభమేమిటండీ అని అత్తయ్య అడిగితే, బ్రేకుల సంగతి వేరు, పెట్రోలు సంగతి వేరు అని రెండింటికీ సంబంధం లేనట్టే మాట్లాడేవారు.

ఇంతలో ఎనభైల్లోకి వచ్చాం. నా డిగ్రీ అయిపోయి, ఒకటి రెండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. నల్లగా ఉన్నానని ఒకరు, ఎక్కువ చదివానని ఒకరు. అమ్మ అన్నం సరిగ్గా తినడం మానేసింది. అప్పుడు సబ్బవరం నుంచి ఒక రైతు కుటుంబం కబురు పంపింది. అబ్బాయికి కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటులో ఉద్యోగం. పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి చూడడం కన్నా సింహాచలం దర్శనానికి అందరం కలిసి వెళితే మొహమాటం ఉండదని వాళ్ళే అన్నారు. ఈ సంబంధం కూడా తప్పిపోతే అమ్మ ఏమైపోతుందోనన్న భయంతో నేను రాత్రంతా నిద్రపోలేదు. మావయ్య మాత్రం కారు కడిగి, దానికి బొట్టు పెట్టి సిద్ధం చేశారు.

అమ్మ వంటకోసం ఇంట్లో ఉండిపోయింది. ముందు సీట్లో మావయ్య, అబ్బాయి తండ్రి, అబ్బాయి. వెనక అబ్బాయి తల్లి, అత్తయ్య, మధ్యలో ఊపిరాడకుండా నేను. కొండ ఎక్కడం, దర్శనం, అన్నీ లక్షణంగా జరిగాయి. తిరిగి కారెక్కుతుంటే ఇవాళ వద్దండీ అని అత్తయ్య మావయ్య చెవిలో అనడం నేను విన్నాను. మావయ్య తలూపారు కూడా. కానీ ముందు ఆ ఘాట్ రోడ్డు వంపులు తిరుగుతూ కిందికి పరుచుకుని ఉంటే, పాపం, ఆ మనిషి ఎలా తట్టుకోగలరు? మొదటి మలుపు దాటగానే న్యూట్రల్ పడింది, ఇంజను చప్పుడు ఆగిపోయింది.

"బావా, బండి కొంచెం దూకుడుగా ఎల్తన్నట్టుంది?" అన్నాడు అబ్బాయి తండ్రి.

"ఏటీ పర్లేదు బావా, సుక్క పెట్రోలు కాల్తం లేదు" అన్నారు మావయ్య గర్వంగా.

రెండు మలుపులు దిగేసరికి కాలిన రబ్బరు వాసన వచ్చింది. మావయ్య కాలు బ్రేకును అదేపనిగా తొక్కుతోంది గానీ బండి మాట వినడం లేదు. గేరు వెయ్యబోతే గరగరమని అరిచి చేతిని వెనక్కి తోసేసింది. ఆయన మెడ మీద చెమట నాకు వెనకనుంచి కనిపిస్తోంది.

"బావా, బ్రేకు?" అన్నాడు అబ్బాయి తండ్రి.

"పట్టడం లేదు బావా."

"మరి గేరు?"

"పడ్డం లేదు."

"మరేటి పడతాది?"

"మనవే!" అన్నారు మావయ్య.

అంతే, కారులో గోల మొదలైంది. అబ్బాయి తల్లి కొండ మీది అప్పన్నబాబును పదేపదే పిలుస్తోంది, అత్తయ్య మావయ్యను తిడుతోంది, అబ్బాయి తండ్రి సబ్బవరంలో ఉన్న పశువులకు దిక్కెవరని అడుగుతున్నాడు. లోయ వైపు చూసి నేను ఇక అయిపోయాం అనుకున్నాను. మావయ్య మాత్రం ఆ క్షణంలో ఒక్క మంచిపని చేశారు. స్టీరింగు కొండ వైపు తిప్పేశారు. చక్రాలు రోడ్డు పక్క కాలవలో పడి, కారు కొండచరియను రాసుకుంటూ, తుప్పల్లోకి దూరి ఒరిగి నిలబడింది. అబ్బాయి తండ్రి తలపాగా నిండా ముళ్ళకంప. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. చక్రాల్లోంచి పొగ మాత్రం వస్తోంది.

అబ్బాయి తల్లి కిందికి దిగి, జుట్టు ముడివేసుకుని, ఇక ఈ సంబంధమూ తప్పిపోయినట్టేనని నేను అనుకుంటున్నప్పుడు, నా చెయ్యి పట్టుకుంది.

"అందరం అంత గోల సేసినాం గదా, ఈ పిల్ల నోరిప్పనేదు సూడండి. గుండె గట్టి పిల్ల" అంది.

నాలుక అంగిట్లో అతుక్కుపోయి అరుపు రాలేదని నేను చెప్పలేదు. మీరైనా చెబుతారా?

ఆ బండి మళ్ళీ ఎక్కడం కన్నా సబ్బవరం దాకా నడవడం మేలని ఆవిడ ముందు నడిచింది. వెనక ఆవిడ భర్త. మావయ్యా అత్తయ్యా కారు దగ్గర ఉండిపోయారు, తిట్లు ఇంకా పూర్తి కాలేదు గనక. అలా ఏ పెళ్ళిచూపుల్లోనూ దొరకని అవకాశం దొరికి, అబ్బాయీ నేనూ పక్కపక్కన కొండ దిగాం. చాలాసేపటికి ఆయన, మీ మావయ్యగారు ఎప్పుడూ ఇంతేనా అని అడిగారు.

"డౌన్‌లోనేనండి. ఎక్కేటప్పుడు మామూలు మనిషే" అన్నాను.

ఆయన రోడ్డు మీదే ఆగిపోయి నవ్వారు. తర్వాత ముందు నడుస్తున్న తల్లికి వినబడకుండా గొంతు తగ్గించి, "నానూ స్కూటరు అలగే దింపుతానండి. ఇంట్లో తెలీదు" అన్నారు. కొండ కింద ఆయన తల్లి సంపెంగలు కొని నా జడలో పెట్టింది. సంబంధం ఖాయమైంది. పెళ్ళినాడు అప్పగింతల వేళ ఆవిడ కారుకు అడ్డంగా నిలబడి, దారంతా గేరులోనే నడుపుతానని మావయ్య చేత ప్రమాణం చేయించాక గానీ మమ్మల్ని ఎక్కనివ్వలేదు.

మావయ్య పోయి చాలా ఏళ్ళైంది. ఆ పాతకారు ఎవరి పాలైందో తెలియదు. ఇప్పుడు ఏ డౌన్ చివర చూసినా సిగ్నలే. ఆరోజుల్లో ఎన్నిసార్లు బతికి బయటపడ్డామో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, అలాంటిది నా మనవలు చెయ్యకూడదనే నేనూ అంటాను. కానీ వాళ్ళకు నేను వివరించలేనిది ఒకటుంది. పాండురంగాపురం డౌన్‌లో సాయంత్రం పూట మావయ్య ఇంజను కట్టేసినప్పుడు, కారు నిండా ఇరుక్కుని కూర్చున్న మేమందరం హఠాత్తుగా మాటలు ఆపేసేవాళ్ళం. టైర్ల కింద ఇసుక నలిగే చప్పుడు, ఆపైన దూరంగా సముద్రం. డౌను దిగే కొద్దీ ఆ హోరు దగ్గరవుతూ, పెద్దదవుతూ కిటికీల్లోంచి మా మీదికి వచ్చేది. ఇప్పుడు అదే రోడ్డులో అద్దాలన్నీ ఎత్తుకుని దిగుతాం. సముద్రం కనిపిస్తుంది, అంతే.